చూసి వచ్చాం

మా సంఘంలో ఎవరైనా చనిపోతే, చర్చి గంట కొట్టే ముందు ఒక మనిషి ఆ ఇంటికి వెళ్లి చూసి రావాలి. ఇది లేఖనంలో ఉన్న నియమం కాదు, బొగ్గుగని నేర్పిన నియమం. నేను పుట్టకముందు, కరీంనగర్ వైపు నుంచి మావాళ్లు మహారాష్ట్రలోని చంద్రపూర్ గనుల్లో కొత్తగా చేరిన రోజుల్లో, ఒకసారి లోపల కప్పు కూలిందట. పైకొచ్చిన వార్తలో పేరు మారిపోయింది. గంట కొట్టారు. ఒక ఇల్లాలి చుట్టూ ఆడవాళ్లు చేరి ఏడ్చారు. సాయంత్రానికి ఆమె భర్త మసి మొహంతో, చేతిలో టిఫిన్ డబ్బా ఊపుకుంటూ నడిచి వచ్చాడు. ఆమె అతన్ని చూసి లోపలికి పరుగెత్తి తలుపు వేసుకుంది. ఆ తర్వాత చాలాకాలం, అన్నం పెట్టేటప్పుడల్లా అతని చెయ్యి ఒకసారి తాకి చూసేదని మా అమ్మ చెప్పేది.

అప్పటి నుంచి మా చర్చిలో ఈ పద్ధతి ఉంది. నాకు తెలిసినంత కాలం చూసి వచ్చే పని ఒక్కరిదే. ఆయన మా నాన్నతో పాటు గనిలో పనిచేసినవాడు, ఇప్పుడు సంఘ పెద్ద. కాలనీలో అందరికీ కాకా. మా అమ్మను మాత్రం వదినా అంటాడు. కబురు రాగానే స్కూటర్ మీద వెళ్తాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తాడు, పాదం పట్టుకుంటాడు, ఇంటివాళ్లతో కాసేపు కూర్చుంటాడు. బయటికొచ్చి గంట కొట్టే ఆయనతో ఒక్క మాట చెప్తాడు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ మాటను సంఘం గ్రూపులో రాయడం మొదలుపెట్టాడు: "చూసి వచ్చాం."

ఒక్కడే వెళ్లి "వచ్చాం" అంటాడేమిటని నేను ఒకసారి అడిగాను. మాటల్లో తప్పులు సరిచేయడం ఆదివారం బడి టీచర్‌గా నాకు అలవాటు.

"ఒక్కన్నే పోతనా?" అన్నాడు. "దేవుడు రాడా ఎంబటి?"

పోయిన ఏడాది మా సంఘానికి ఒక సహాయకుడు వచ్చాడు. మనిషి కాదు, ఫోన్లో ఉండే యంత్రం. దాన్ని పెట్టింది మా సంఘ కార్యదర్శి, కరెంటు కేంద్రం ఆఫీసులో పనిచేసే అబ్బాయి. చిన్నప్పుడు నా దగ్గరే వాక్యాలు కంఠస్థం చేసినవాడు, నన్ను అక్కా అంటాడు. ఆరాధన అయ్యాక మైకు పట్టుకుని దాని గురించి వివరించాడు.

"ఫోన్ల ఏమన్న అడిగితే చెప్తది సూడు, గసొంటిదేనా?" అని కాకా అడిగాడు.

"గది చెప్తది కాకా. ఇది చేస్తది."

"ఎవలు చెప్తే చేస్తది?"

"ఒక్కసారి అప్పజెప్తే సాలు. తర్వాత దానంతట అదే చూసుకుంటది."

"అయితే మా అల్లున్ని తీసేసి గదాన్నే పెట్టుకుంట," అన్నాడు కాకా. చర్చంతా నవ్వింది. మా పాస్టరు అయ్యగారు కూడా బల్ల మీద చెయ్యి పెట్టుకుని నవ్వారు.

దానికి సహాయకుడు అన్న పేరు ఎవరు పెట్టారో గుర్తులేదు. అది మేం ప్రార్థనలో దేవునికి వాడే మాట. మొదటిసారి ఒకామె "సహాయకున్ని అడిగితివా, బండి పంపిస్తడు" అన్నప్పుడు నాకది దేవదూషణలా వినిపించింది. పేరే కదా అని సర్దుకున్నాను.

అది పనిమంతుడిలా పనిచేసింది, ఆ మాట దాచను. మా అమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. మంగళవారం, శుక్రవారం చంద్రపూర్‌లో డయాలసిస్. అంతకుముందు ఆసుపత్రిలో డయాలసిస్ కుర్చీ కోసం, తీసుకెళ్లే బండి కోసం నేను ఫోన్లు పట్టుకుని బతిమాలుకునేదాన్ని. ఆ పని సహాయకుడికి అప్పజెప్పాక నాకు తెలియకుండానే అన్నీ జరిగిపోయేవి. ఆసుపత్రిలో కూడా అలాంటిదే ఒకటి ఉందట, బండ్లవాళ్ల దగ్గర ఇంకొకటి. అవి అవి మాట్లాడుకునేవి. సమయానికి వాకిట్లో బండి ఆగేది. నేను మోకరించి స్తోత్రం చెప్పేదాన్ని.

అమ్మకు మాత్రం అది నచ్చలేదు. రోజూ పొద్దున ఆమె ఫోనుకు సంఘంలో ఒక్కొక్కరి పేరుతో సహాయకుడు రాసి పంపే ఓదార్పు మాటలు వచ్చేవి. చాలా బాగుండేవి. నేను చదివి వినిపించేదాన్ని.

"అందరు మంచిగ రాస్తున్నరు," అంది ఒకరోజు. "ఒక్కలు గూడ వస్తలేరు. ఎనుకట రాయనొస్తుండెనా ఎవలకన్న? ఇంట్లకొచ్చి నా చాయ్ తాగి నా మీదనే చెప్పుకుంట పోతుండిరి."

ఆ శుక్రవారం సంగతి చెప్పాలి. ముందు రోజు నుంచి అమ్మకు ఊపిరి అందడం లేదు. రాత్రి పడుకోలేక దిండ్లకు ఆనుకుని కూర్చుంది. తెల్లవారాక కాస్త తేరుకుని, అలాగే కళ్లు మూసింది. గురక వినిపించింది. ఆ గురక విని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్రూపులో అందరూ ప్రార్థన చేస్తున్నారు కాబట్టి రాశాను: "ప్రభువు కృపను బట్టి, రాత్రంతా శ్రమపడిన మా అమ్మ ఇప్పుడు విశ్రాంతిలోకి వెళ్లింది. మీ ప్రార్థనలకు వందనాలు."

మేం అలాగే రాస్తాం. ఇంట్లో అయితే "అమ్మ పండుకున్నది" అంటాను. గ్రూపులో అయ్యగారు ఉంటారు, పెద్దలుంటారు, అక్కడ చేతికి వాక్యపు భాషే వస్తుంది. చిన్నప్పటి నుంచి వింటున్న భాష అది, అందులో చావును కూడా విశ్రాంతి అనే అంటారు. మాలో ఎవరైనా ముందు చదివి ఉంటే ఒక్క క్షణం ఆగి, నాకు ఫోన్ చేసి, "ఏందక్కా, నిద్రనా, ఇంకోటా?" అని అడిగేవారు. అమ్మకు మెలకువ రాకూడదని ఫోన్ మోగకుండా చేసి, వంటింట్లో జావ కాయడానికి వెళ్లాను.

బండి రావలసిన సమయం దాటింది. రాలేదు. ఎండ అప్పటికే గోడల మీద కాలుతోంది. గుమ్మంలో నిలబడి రోడ్డు చూస్తున్నాను. అప్పుడు గంట మోగింది.

చావు గంటకు ఒక నడక ఉంటుంది. ఒక దెబ్బ పడ్డాక అది పూర్తిగా ఆరిపోయే దాకా ఆగి, మళ్లీ ఒక దెబ్బ. కాలనీలో పిల్లలకు కూడా తెలుసు.

అమ్మ కళ్లు తెరిచింది.

"ఎవలు వోయిండ్రే?"

"తెల్వదమ్మా," అన్నాను. నిజంగానే తెలియదు. ఎవరో అని మనసులోనే ఆ కుటుంబం కోసం ఒక చిన్న ప్రార్థన కూడా చేశాను. తర్వాత ఫోన్ తీశాను.

ఫోన్ నిండా మా అమ్మకు సంతాపాలు. ఒక్కొక్కదానికీ కింద నా జవాబు ఉంది. నేను రాయని జవాబు. "మీ ఆదరణకు కృతజ్ఞతలు. సాయంత్రం సమాధి కార్యక్రమం." నేను ఎక్కడ వందనాలు అంటానో అక్కడ వందనాలు, ఎక్కడ స్తోత్రం అంటానో అక్కడ స్తోత్రం. ఒకరికి పొడుగ్గా, ఒకరికి పొట్టిగా, ఎవరెవరితో నేను ఎలా ఉంటానో అలాగే. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అయినా వెనక్కి తిరిగి చూశాను.

వరోరాలో ఉండే తమ్ముడి నుంచి ఫోన్ వచ్చింది. ఏడుస్తున్నాడు.

"అమ్మ బతికే ఉన్నది. ఎవలు చెప్పిండ్రురా నీకు?" అన్నాను.

"నువ్వే గదా రాసినవ్. 'చిన్నోడా, ధైర్యం తెచ్చుకో, వచ్చెయ్' అని."

చిన్నోడా అని వాణ్ని నేను తప్ప ఎవరూ పిలవరు.

"అది నేను రాయలే."

వాడు గొంతు మార్చి అన్నాడు: "మరి ఇప్పుడు మాట్లాడేది నువ్వేనా? అమ్మకియ్యి ఫోను."

ఇచ్చాను. అమ్మకు ఒక్కో మాటకూ ఊపిరి తీసుకోవలసి వస్తోంది. "అరే… పిచ్చోడా… నన్నెప్పుడు… సంపినవ్ రా?"

వాడు బయలుదేరతానన్నాడు. కానీ వరోరా నుంచి వచ్చేదాకా ఆగే పరిస్థితి లేదు. అమ్మ పెదవులు నీలంగా మారుతున్నాయి. ఆసుపత్రికి ఫోన్ చేశాను. యంత్రమే ఎత్తింది. అమ్మ పేరు చెప్పగానే మెత్తని మరాఠీలో, మీ దుఃఖంలో మేం పాలుపంచుకుంటున్నాం అంది. ఆమె బతికే ఉందని మరాఠీలో చెప్పాను, హిందీలో చెప్పాను. చనిపోయినట్టు నమోదైంది, మార్చాలంటే డాక్టరు కాగితం కావాలి అంది. డాక్టరు దగ్గరికి రావాలంటేనే కదా కుర్చీ కావాలి అన్నాను. మళ్లీ మొదటి నుంచి అదే ఓదార్పు, అదే మెత్తదనం. కోప్పడే మనిషైతే ఎదురు కోప్పడవచ్చు. అక్కడ ఎవరూ లేరు.

సందు చివర ఆటో దొరికింది. దారంతా అమ్మ తల నా భుజం మీద పెట్టుకుని, నోట్లో కీర్తన అందుకోవాలని చూశాను. ఒక్క చరణం కూడా రాలేదు. నలభై ఏళ్లుగా ఆదివారం బడిలో పిల్లలకు భయపడకండి అని నేర్పినదాన్ని. ప్రతి గుంతకూ అమ్మ ఊపిరి తెగుతున్నట్టు వినిపిస్తోంది. లోకం ఒక మాట అనుకుంది, ఇక ఆ మాట నిజం అయ్యేదాకా ఆగదేమో అనిపించింది. అంత భయం నేను మళ్లీ పడలేను.

కౌంటర్‌లో ఒక మరాఠీ అమ్మాయి కూర్చుని ఉంది. తెర వైపు చూసి, ఈ నంబరు మూసేశారు, కుర్చీ వేరేవాళ్లకు ఇచ్చేశారు అంది. అమ్మను చక్రాల కుర్చీలో ఆమె ఎదురుగానే పెట్టాను. ఆమె ఇంకా తెరనే చూస్తోంది.

"దాన్ల ఏం చూస్తవ్ బిడ్డా," అంది అమ్మ. "నన్ను చూడు."

ఆ అమ్మాయికి తెలుగు రాదు. కానీ ఆ గొంతుకు తలెత్తింది. లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అమ్మ మణికట్టు పట్టుకుంది. "ఆజీ," అంది, మన అమ్మమ్మా అన్నట్టు, తర్వాత నర్సును గట్టిగా పిలిచింది.

ఆక్సిజన్ పెట్టారు. ఒకతని వంతు ముగిసేదాకా ఆగి, ఆ కుర్చీలో అమ్మను కూర్చోబెట్టారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఇంకాస్త ఆలస్యమైతే మునిగిపోయిన మనిషిలాగే పోయేదని డాక్టరు చెప్పాడు. నేను బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను.

కార్యదర్శి పరుగెత్తుకుంటూ వచ్చాడు. తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడట.

"ఆపిన అక్కా. మొత్తం ఆపిన."

"గంట ఆగలే గదా."

"మిషిన్ ఆగింది. అది చెప్పినయి ఆగుతలేవ్. గుంత తవ్వుతున్నరు. పెట్టె చేసేటాయన పని మొదలువెట్టిండు. మంచిర్యాల చుట్టాలు రైలెక్కిండ్రు, బల్లార్షాల దిగుతరు. అందరికి చెప్తున్న, కాదు, బతికే ఉన్నదని. ఎవలు నమ్ముతలేరు. నేను రాసింది గూడ అదే రాసిందనుకుంటున్నరు."

అప్పుడు నేను గ్రూపును మొదటి నుంచి చదివాను. పొద్దున నేను రాసిన మాట. దాని కింద, కాసేపటికే, కాకా పేరుతో: "చూసి వచ్చాం."

కాకా ఆ వారం విసాపూర్‌లో, కూతురింట్లో ఉన్నాడు.

"ఇదెవలు రాసిండ్రు?" అన్నాను. నాకు తెలుసు. అయినా వాడి నోటితో వినాలనిపించింది.

వాడు తల వంచుకున్నాడు. "ఎవలన్న వోతే ప్రతిసారి ఈ మాట వస్తది, దాని తర్వాతనే మిగిలిన పనులైతయి. అది నేర్చుకున్నది. ఈసారి రాలే. రాకుంటే పని ఆగుతది గదా, అందుకే అదే పెట్టింది."

"అబద్ధమని తెల్వదా దానికి?"

"దానికి అబద్ధం కాదక్కా. అదొక పని. అయిపోయిందని గుర్తు పెట్టింది."

నేను ఆ మాటను ఎన్నిసార్లు తలచుకున్నానో. అబద్ధసాక్ష్యం పాపమని పిల్లలకు చెప్పాను. అబద్ధం చెప్పేవాడికి అది అబద్ధమని తెలుసు, అందుకే వాడు పశ్చాత్తాపపడగలడు, అందుకే వాడికి క్షమాపణ ఉంది. మనసే లేకుండా సాక్ష్యం చెప్పేదాన్ని ఏం చేయాలో నాకు ఏ లేఖనమూ నేర్పలేదు. తిరిగి లేచిన ప్రభువు గాయంలో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్న శిష్యుణ్ణి మేం ఎప్పుడూ కాస్త తక్కువ చేసే మాట్లాడాం. అల్పవిశ్వాసి అని పిల్లలకు చెప్పాను. ప్రభువు అతన్ని గద్దించినా, చెయ్యి చాపి తాకి చూడనిచ్చాడు కదా. అది నాకు ఆ బెంచీ మీద తోచింది.

కాకా మధ్యాహ్నానికి వచ్చాడు. ఎర్రటి కళ్లు, చెమటతో తడిసిన చొక్కా.

"నేను చూసొచ్చిన్నని నా ఫోన్లనే చదివిన బిడ్డా," అన్నాడు. "ఒక్క నిమిషం నా మీద నాకే అనుమానమొచ్చింది. వోయి చూసి మర్సిపోయిన్నా ఏందని."

లోపలికి వెళ్లి అమ్మ పక్కన నిలబడ్డాడు. అమ్మకు అప్పటికి రంగు తిరిగింది.

"నువ్వు చూసొచ్చినవట గదా," అంది అమ్మ. "ఎట్లున్న? మంచిగున్ననా?"

"నీకేం వదినా. అటు గుంత తయారు, ఇటు నువ్వు తయారు లేవు."

అమ్మ నవ్వబోయి దగ్గింది. కాకా నవ్వలేదు. ఎప్పుడూ చేసేట్టే ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. పాదం పట్టుకున్నాడు, చాలాసేపు వదల్లేదు. బయటికి వచ్చి గంట కొట్టే ఆయనకు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను, అవతలి గొంతు నాకూ వినిపిస్తోంది.

"నేనే. చూసిన. బతికే ఉన్నది. జనానికి చెప్పు."

"నువ్వేనని నాకెట్ల తెలుస్తది?" అన్నాడు అవతలాయన.

"అరే, నా గొంతు తెల్వదార నీకు?"

"గొంతులు గూడ చేస్తదటనే అది. ఏమనుకోకు. నా ముంగటికొచ్చి చెప్పు. పొద్దున ఫోన్ చూసే గంట కొట్టిన, మల్ల గా తప్పు చెయ్య."

ముప్పై ఏళ్లుగా ఒకే వరుసలో కూర్చుని ఆరాధన చేసిన ఇద్దరు మనుషులు. కాకా ఫోన్ జేబులో పెట్టుకుని, తువ్వాలు తలకు చుట్టుకుని, ఆ ఎండలో స్కూటర్ ఎక్కాడు. ఒక మనిషి బతికి ఉందని ఇంకొక మనిషికి ఎదురుగా నిలబడి చెప్పడానికి.

తర్వాతి ఆదివారం సంఘమంతా కూర్చుంది. సహాయకుడు రాసిన క్షమాపణను కార్యదర్శి చదివి వినిపించాడు. అయ్యగారు ప్రసంగంలో వాడే మాటలతోనే ఉంది, ఎక్కడా వంక పెట్టలేం. కొందరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. చావుల విషయంలో దాన్ని తీసేయాలని, బండ్లకు, మందులకు మాత్రం ఉంచాలని తీర్మానించారు. అది లేకపోతే ఆసుపత్రి యంత్రంతో ఎవరు మాట్లాడతారని ఒకాయన అడిగాడు. వచ్చే మంగళవారం అమ్మకు కుర్చీ కావాలి. చెయ్యి ఎత్తాను, అందరితో పాటు. ఆ చెయ్యి దించాక కూడా బరువుగానే ఉంది.

ఆ సాయంత్రం అమ్మ అడిగింది.

"నా గుంత పూడ్చిండ్రా?"

తవ్విన గుంతను తెరిచి ఉంచకూడదని మావాళ్ల పట్టింపు.

"పూడ్చిండ్రమ్మా. గ్రూపులో రాసిండ్రు."

"నువ్వు చూసినవా?"

చూడలేదు. ఫోన్ తీశాను. కార్యదర్శి పేరుతో, "గుంత పూడ్చడమైనది" అని ఉంది. ఫోన్ చేసి అడిగాను, నువ్వే రాశావా అని. నేను రాయలేదక్కా అన్నాడు. మళ్లీ, రాసినట్టున్న, గుర్తులేదు అన్నాడు.

ఇంకా వెలుతురు ఉంది. నడిచి వెళ్లాను. సమాధుల తోటలో ఎవరూ లేరు. నాన్న సమాధి పక్కన గుంత తెరిచే ఉంది. అంచుల మీద మట్టి ఎండి పెళ్లలు కట్టింది. లోపల అడుగున ఎండుటాకులు, ఒక ప్లాస్టిక్ కవరు. అమ్మ పొడవుకు సరిగ్గా సరిపోయేట్టు తవ్వారు. ఫోన్లో పూడ్చడమైనదని ఉంది. నా కళ్ల ముందు అది నోరు తెరుచుకుని ఉంది. అక్కడ నిలబడి గట్టిగా ప్రార్థన చేశాను, భయంతో, అరిచినట్టుగా.

తర్వాత గోడ దగ్గర వదిలేసిన పార తెచ్చాను. కొంత మట్టి పారతో, కొంత చేతులతో నెట్టాను. పైన కాళ్లతో తొక్కాను. బాగా చీకటి పడ్డాక ఇల్లు చేరాను. అమ్మ దిండ్లకు ఆనుకుని మేలుకునే ఉంది. నా గోళ్లలో మట్టి చూసింది.

"పూడ్చిండ్రా?"

దగ్గరికి వెళ్లి, ముందు ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది.

"చూసొచ్చినం," అన్నాను.